జమిలి కెరటం

గూడబాతు మూడోసారి కూడా సముద్రం మీద కూర్చుండిపోయింది.

ఇంజన్లు బాగానే ఉన్నాయి. ఇంధనం ఉంది. ఆకాశం తేటగా ఉంది. కెరటాలు మీటరు ఎత్తు కూడా లేవు. అయినా తీరానికి పదకొండు కిలోమీటర్ల దూరంలో యంత్రం తనంతట తానే వేగం తగ్గించుకుని, పొట్ట నీళ్లకు ఆనించి, మామూలు పడవలా ఊగడం మొదలుపెట్టింది.

పైలట్ మస్తాన్ వలీ రెండు చేతులూ పైకెత్తి వెనక్కి తిరిగాడు.

"నేను ముట్టుకోలా మేడం. అదే దిగింది."

"తెలుసు వలీ గారూ," అంది కాంచన. ఆమె వెనక సీట్లో తెర ముందు కూర్చుని ఉంది. తెర మీద అంకెలన్నీ సవ్యంగానే ఉన్నాయి. "మళ్లీ లేపగలరా?"

"లేపుతా. అవతల మళ్లీ దిగితే?"

కాంచన అంకెల్ని మళ్లీ మొదటినుంచి చూసుకుంది. ఆమె పక్కన కిటికీ దగ్గర మేనమామ పోలయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన బయట నీళ్లవంక చూస్తూ, తుండుగుడ్డతో అరచేతులు తుడుచుకుంటున్నాడు.

గూడబాతు విమానం కాదు, పడవా కాదు. పదమూడు మీటర్ల పొడుగు, పొట్టి వెడల్పాటి రెక్కలు, నలుగురు మనుషులకూ ఒక స్ట్రెచర్‌కూ చోటు. నీళ్లమీంచి లేచి కెరటాల నెత్తికి నిలువెత్తు పైన, అంతకంటే ఎత్తుకు పోకుండా, గంటకు నూట డెబ్బై కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. దానికా పేరు పెట్టింది కాంచనే. ఆమె చిన్నప్పుడు, ఏటా శీతాకాలంలో తేలినీలాపురం చెట్లమీదికి వచ్చే గూడబాతుల్ని పోలయ్య బోటులోంచి చూపించేవాడు. "సూడమ్మీ, నీటికి ఆనుకుని పోతన్నంతసేపూ రెక్కాడించదు. పైకి లెగిసిందో, మళ్లీ ఆడించాల. నీటికీ రెక్కకీ నడాన గాలి ఇరుక్కుంటాది. దాని మీద పడుకుని పోతాది," అనేవాడు. ఆ మాటే తర్వాత ఆమె చదివిన పుస్తకాల్లో లెక్కలుగా కనిపించింది.

ఉప్పుటేరులో నిశ్చలంగా ఉన్న నీళ్ల మీద ఇలాంటి యంత్రాన్ని నడపడం కష్టం కాదు. కష్టమంతా సముద్రం మీదే. నీళ్లకు దగ్గరగా ఉంటేనే గాలిదిండు దొరుకుతుంది, దగ్గరగా ఉంటే కెరటం తగులుతుంది. పక్కకు వంగి మలుపు తిరుగుదామంటే రెక్క కొన నీళ్లలో దిగుతుంది. రెండేళ్ల కిందట తొలి ప్రయోగంలో జరిగిందదే. ఎడమ రెక్క కొన ఒక కెరటాన్ని ముద్దుపెట్టుకుంది. యంత్రం గిర్రున తిరిగి ఆగింది. మస్తాన్ వలీ భుజం ఎముక విరిగింది. తీరరక్షక దళంలో పన్నెండేళ్లు హెలికాప్టర్లు నడిపినవాడు, నాలుగు నెలలు చొక్కా గుండీలు తానే పెట్టుకోలేకపోయాడు.

ఆ తర్వాత కాంచన ఒక కొత్త సంగతి కనిపెట్టింది. యంత్రం ముక్కుకు అమర్చిన కళ్లు మూడువందల మీటర్ల దూరంలోని కెరటాల్ని కొలుస్తాయి. ఆ కొలతల్ని బట్టి రెక్కల వెనక అంచులు క్షణానికి యాభైసార్లు వంగుతాయి, లేస్తాయి. అయితే కొలవడం వేరు, తెలుసుకోవడం వేరు. ఏ కెరటం ఉత్తినే లేచి పడిపోతుందో, ఏది పక్కదాన్ని కలుపుకుని కొండలా మారుతుందో చెప్పేది అనుభవం ఒక్కటే. అందుకని ఆమె తన ఊరు ఇసకమొగ వెళ్లి, నలభై ఏళ్లు బోటు నడిపే సరంగుగా చేసి చేపల వేట మానేసిన పోలయ్యను ప్రయోగశాలకు పిలుచుకొచ్చింది. ఆయన చేతికి ఒక చిన్న మీట ఇచ్చింది.

"నీకు సముద్రం బాగోలేదనిపించినప్పుడల్లా ఇది నొక్కు మావయ్యా. ఎందుకు నొక్కావో చెప్పక్కర్లేదు. యంత్రమే చూసి నేర్చుకుంటుంది."

"అంతేనా? నలబై ఏళ్లూ జీతం లేకుండా సేసిన పనే," అన్నాడు పోలయ్య.

పద్దెనిమిది నెలలు ఆయన ఆ మీట పట్టుకుని కూర్చున్నాడు. నడుము పట్టేసింది. ఎడమ కన్ను ఎండకు మసకబారింది. యంత్రం మాత్రం నేర్చుకుంది. ఇప్పుడు మీట అక్కర్లేదు. సముద్రం బాగోలేకపోతే తనంతట తానే దిగి కూర్చుంటుంది.

బాగున్నప్పుడు కూడా ఎందుకు కూర్చుంటోందన్నదే ఎవరికీ అర్థం కాలేదు. ఇంకో ఐదు వారాల్లో పరీక్ష. తీరానికి ఎనభై అయిదు కిలోమీటర్ల అవతల వేటాడే బోటు దగ్గరకు పోయి, మనిషిని ఎక్కించుకుని గంటన్నరలో రావాలి. వస్తే ఈ తీరంలో నాలుగు రేవులకు నాలుగు గూడబాతులు ఇస్తారు. రాకపోతే ఇది షెడ్డులో ఉండిపోతుంది.

*

కాంచన మర్నాడంతా ప్రయోగశాలలో కూర్చుని పద్దెనిమిది నెలల నమోదులు తిరగేసింది. పోలయ్య మీట నొక్కింది మొత్తం రెండువందల ఆరు సార్లు. చాలావాటికి కారణం చూడగానే తెలిసింది. ఎత్తైన కెరటం, పక్కగాలి, తేలుతున్న వల. కానీ యాభై మూడు సార్లు మాత్రం కెరటం చిన్నదే. ఆ యాభై మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. అన్నీ ఒకే రకం. దక్షిణం గాలికి పొడుగాటి కెరటం వస్తుంటే, తూర్పు నుంచి వచ్చే పొట్టి కెరటం దాని మీదికి ఎక్కుతోంది. అన్ని వేళలా, చివరికి ఎత్తు ముప్పావు మీటరున్న రోజున కూడా, మామయ్య మీట నొక్కాడు. అదీ మామూలుగా కాదు. మిగతాచోట్ల నొక్కి వదిలేశాడు. ఇక్కడ ఆ నీళ్లు దాటేదాకా నొక్కి పట్టుకున్నాడు.

యంత్రానికి ఆయన జ్ఞానంతోపాటు ఇంకేదో కూడా వచ్చింది.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం ఆమె ఇసకమొగ వెళ్లింది. అత్త దేముడమ్మ కవ్వళ్ల చేపల పులుసు వేసి అన్నం పెట్టింది. కాంచన చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి ఎర్రన్న వేటకు పోయినప్పుడల్లా ఆమె ఈ ఇంట్లోనే, ఈ అత్త చేతి కూడే తిని పెరిగింది.

"అత్తా, రెండు కెరటాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి చూడు, దాన్నేమంటారు?"

"జమిలి కెరటం." దేముడమ్మ గరిట ఆపింది. "ఎందుకే?"

"మావయ్యకి అదంటే భయమా?"

"సరంగుకి బయమేటి." గరిట పక్కన పెట్టి, మళ్లీ తానే చెప్పింది. "దచ్చినం గాలి తిరిగిందంటే మీ మావ కూడు ముట్టడు. పంతొమ్మిదేళ్ల నుంచీ సూత్తన్నాను. అడిగితే కడుపులో బాగోనేదంతాడు. నువ్వడుగు. నీకు సెప్తాడేమో."

పంతొమ్మిదేళ్లు. కాంచన కంచంలో చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది. నాన్న పోయి పంతొమ్మిదేళ్లు.

పోలయ్య ఒడ్డున బోల్తా వేసిన తెప్ప నీడలో కూర్చుని పాత వల విప్పుతున్నాడు. కాంచన పక్కన ఇసకలో కూర్చుంది. యాభై మూడు సార్లని చెప్పింది. ఆయన వల మడత పెట్టాడు.

"ఆ మిసను నన్ను పట్టీసినాదన్నమాట," అన్నాడు.

"ఏం జరిగింది మావయ్యా?"

"నీకు తెలిసిందే. మీ నాయనకి పొద్దున్న ఏడింటికి గుండెల్లో నొప్పొచ్చినాది. ఒడ్డుకి ఎనబై కిలోమీటర్లు. ఇంజను ఎంత తోలితే అంతా తోలీసినాను. రెండు దాటినాక ఏరు కలిసీ మొగ ఎదటకొచ్చీసినాం. ఇంకో గంటలో ఒడ్డు."

"అదంతా నాకు తెలుసు."

"తెలీనిది సెప్తన్నాను. అక్కడ జమిలి లెగిసినాది. అలగే తోలితే బోటు ఎనక మెలిపడి తిరగబడిపోతాది. ఏడుగురం ఉన్నాం. నాను ఇంజను తగ్గించీసినాను. గంటలో రావాల్సినోళ్లం రెండున్నర గంటలకొచ్చినాం." ఆయన గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం వల తాడును ముడివేస్తూ విప్పుతూ ఉన్నాయి. "ఒడ్డు అందుతాదనగా మా బావ పోనాడు."

కాంచనకు అప్పుడు ఆసుపత్రిలో డాక్టరు అన్న మాట గుర్తుంది. ఒక్క గంట ముందు తెచ్చి ఉంటే అని. అప్పుడామె ఇంజనీరింగు రెండో ఏడు. ఆ ఒక్క గంట ఆమె వెంటే ఉంది. దాని కోసమే ఉద్యోగం, దాని కోసమే గూడబాతు. సముద్రం తీసుకుందనుకున్న ఆ గంట, నాన్న పోయాక తనను చదివించిన మామయ్య చేతిలోనే ఉందని ఇవాళ తెలిసింది.

"పంతొమ్మిదేళ్లు ఎందుకు చెప్పలేదు?"

పోలయ్య వల తాడుకు ఇంకో ముడి వేశాడు. కాంచన లేచి చీర కుచ్చిళ్లకు అంటిన ఇసక దులుపుకుని వెళ్లిపోయింది.

*

నాలుగు రోజులు ఆమె ఇసకమొగ పోలేదు. పోలయ్య ప్రయోగశాలకు రాలేదు. ఐదో రోజున ఆ యాభై మూడు నమోదుల్నీ యంత్రం జ్ఞాపకంలోంచి తీసేసే ఏర్పాటు చేసుకుని కూర్చుంది. అవి పోతే గూడబాతు జమిలి కెరటాన్ని లెక్కచేయదు. గంటన్నరలో పోయి వస్తుంది.

మస్తాన్ వలీ టీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"తీసేస్తున్నారా?"

"అవి సముద్రాన్ని బట్టి నొక్కినవి కావు. ఆయన మనసులో ఉన్నదాన్ని బట్టి నొక్కినవి."

"అయ్యుండొచ్చు. నేను బాపట్లోణ్ణి, సముద్రం ఒడ్డున పుట్టినా ఈత తప్ప ఇంకేం రాదు నాకు. అయినా ఒకటి చెప్తా మేడం." అతను టీ గ్లాసు కుడిచేతిలోకి మార్చుకున్నాడు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. "ఆ రోజు నేను పడ్డానే, అప్పుడు ఈ యంత్రానికి భయమనేదే లేదు. పోలయ్య బాబాయి పక్కనుండి మీట నొక్కుంటే నా భుజం ఇట్టా ఉండేది కాదు. ఆ యాభై మూడింట్లో ఎన్ని ఉత్త భయమో, ఎన్ని నిజమో మీకు తెలుసా?"

"తెలీదు."

"మరి తెలీకుండా తీసేస్తే ఎట్టా? దానికేమీ భయం లేకపోతే నేను మాత్రం ఎక్కను. మీరు ఏమన్నా అనుకోండి."

కోపమొచ్చింది కాంచనకు. ఆ కోపం అతని మీద కాదని కాసేపటికి తెలిసింది. తెర ఆపేసి, ఆ పూటే ఇసకమొగ వెళ్లింది. పోలయ్య అదే తెప్ప నీడలో ఉన్నాడు.

"మావయ్యా, రేపట్నుంచి దక్షిణం గాలి అంటున్నారు. జమిలి లేస్తుంది. నువ్వొచ్చి కూర్చోవాలి, దాని మీదుగా పోదాం."

"నావల్ల అవదే అమ్మీ."

"మీట నీ చేతిలోనే ఉంటుంది. యంత్రం దానంతటది దిగకుండా ఆపేస్తాను. రెక్కకి నిజంగా కెరటం తగులుతుందనుకుంటేనే నొక్కు. నేను నీ పక్కనే ఉంటాను."

"నా మీద కోపం పోనాదా?"

"లేదు," అంది కాంచన. "అయినా నువ్వు రావాలి."

పోలయ్య ఆ జవాబుకు ఎందుకో కుదుటపడ్డాడు. సరేనన్నట్టు తలాడించాడు.

*

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి గూడబాతు నదీముఖం దాటి సముద్రం మీదికి లేచింది. లేచేటప్పుడే దానికి బలమంతా కావాలి. నీళ్లు పొట్టను పట్టుకుని వదలవు. ఇంజన్లు గోలపెట్టాయి, యంత్రమంతా వణికింది. ఒక్కసారిగా నీళ్లు వదిలేశాయి. చప్పుడు తగ్గి, నున్నటి తారు రోడ్డెక్కినట్టయింది.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర మస్తాన్ వలీ, "ముందర కనపడతంది బాబాయ్," అన్నాడు.

దూరంగా నీళ్లు చాప నేసినట్టున్నాయి. దక్షిణపు కెరటాలు పొడుగ్గా, తూర్పువి పొట్టిగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతున్నాయి. కలిసినచోట శిఖరాలు లేచి పడుతున్నాయి. ఎత్తు మీటరు. కాంచన మామయ్యవంక చూసింది. ఆయన మీట ఉన్న చేతిని మోకాలి మీద పెట్టుకున్నాడు. బొటనవేలు మీట మీదికి పోయింది. ఆయనే దాన్ని వెనక్కి తీశాడు. మళ్లీ పోయింది. ఈసారి మీట వదిలేసి, తుండుగుడ్డ రెండు చేతులకీ చుట్టుకుని కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

శిఖరాలు కింద నుంచి ఒకటొకటిగా జారిపోయాయి. రెక్క అంచులు టకటకా కొట్టుకున్నాయి. ఒక్క నీటిచుక్క కూడా కిటికీకి తగల్లేదు.

"అయిపోనాదా?" అన్నాడు పోలయ్య.

"నాలుగు కిలోమీటర్లు దాటేశాం."

ఆయన మెడ తిప్పి వెనక్కి చూశాడు. కళ్లలో నీళ్లున్నాయి. కానీ మొహం మీద ఉన్నది దుఃఖం కాదు, పనివాడికి పనిలో కొత్త కిటుకు దొరికితే కలిగే ఆశ్చర్యం.

"అది బోటుకి బయం," అన్నాడు మెల్లగా. "జమిలి బోటుని ఎనక నుంచి మెలేస్తాది. దీనికి నీళ్లల్లో ఎనకేటుంది, మెలెయ్యడానికి? దీనికి బయపడాల్సింది ఎత్తుకి. మొగ ఎదట ఏట్లోంచి ఎనక్కి తీసీ పాటు నీరు ఎదురొచ్చినప్పుడు ఆ సిఖరాలు నిలువునా లెగుస్తాయి. అప్పుడు బయపడాల. ఇన్నాళ్లూ రెండూ కలిపీసి సెప్పీసినాను దానికి." ముందుకు వంగి మస్తాన్ వలీ కుడి భుజం తట్టాడు. "మళ్లీ తిప్పు బాబూ. ఇంకోపాలి సూద్దాం."

తర్వాతి మూడు వారాల్లో ఇరవై ఆరు సార్లు జమిలి కెరటం మీదుగా పోయి వచ్చారు. పోలయ్య పదకొండుసార్లు మీట నొక్కాడు. ప్రతిసారీ ఎందుకు నొక్కాడో నోటితో చెప్పాడు, కాంచన రాసుకుంది. యంత్రం ఉత్త భయాన్ని మరిచిపోయింది. అసలు భయాన్ని ఉంచుకుంది. ఎటూ చెప్పలేనప్పుడు తెర మీద పసుపు వెలుగు చూపించి నిర్ణయం మనుషులకు వదిలేయడం కూడా నేర్చుకుంది. కాంచన, పోలయ్య పని మాటలు తప్ప వేరే మాటలు ఎక్కువ మాట్లాడుకోలేదు. అయితే మధ్యాహ్నం కారియర్ విప్పినప్పుడు దేముడమ్మ పంపిన చేప ముక్కల్లో పెద్దది ఎప్పట్లాగే ఆయన కాంచన వైపే తోసేవాడు, ఆమె ఎప్పట్లాగే తినేసేది.

*

పరీక్ష రోజున జెట్టీ మీద ముగ్గురు పరీక్షకులు గడియారాలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో పెద్దావిడ వసంతలక్ష్మి, ఒకప్పుడు సరుకు ఓడలకు కెప్టెను. తొమ్మిదింటికి కాంచన, పోలయ్య, మస్తాన్ వలీలతో గూడబాతు బయల్దేరింది. అనుకున్న ప్రకారం ఎనభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఆగి ఉన్న బోటులోంచి ఒక మనిషిని, ఊరికే పరీక్ష కోసం, ఎక్కించుకుని రావాలి.

అరవయ్యో కిలోమీటరు దగ్గర రేడియోలో వేరే బోటు అరుపు వినిపించింది. వల లాగే చక్రం తాడు తెగి ఒకడి తొడను చీల్చింది. రక్తం ఆగడం లేదు. ఆ బోటు అక్కడికి ఇరవై నాలుగు కిలోమీటర్లు ఉత్తరాన ఉంది.

"పరీక్ష?" అన్నాడు మస్తాన్ వలీ. అప్పటికే చుక్కాని ఉత్తరానికి తిప్పుతున్నాడు. రెక్క వాలకుండా, చాలా పెద్ద చుట్టు తిరిగితేగాని మలుపు రాదు.

"పోనివ్వండి," అంది కాంచన. జెట్టీకి రేడియోలో చెప్పింది.

గాయపడినవాడి పేరు దానేలు. పాతికేళ్లుంటాయి. స్ట్రెచర్ మీదికి దించేసరికి పెదాలు తెల్లబడి ఉన్నాయి. కాంచన తొడ పైన బెల్టు బిగించి కట్టి, గాయం మీద తువ్వాలు మడిచి రెండు చేతులతో ఒత్తిపట్టి మోకాళ్ల మీద కూర్చుంది. గూడబాతు తీరంవైపు దూసుకుపోయింది. బోటుకైతే తొమ్మిది గంటల దారి. ఇరవై ఐదు నిమిషాల్లో గట్టు మీది సర్వి తోపులు సన్నటి గీతలా కనిపించాయి.

అప్పుడు తెర మీద పసుపు వెలుగు వచ్చింది.

నదీముఖం ఎదట, తొమ్మిది కిలోమీటర్ల పొడుగునా, సముద్రం లేచి ఉంది. జమిలి కెరటానికి పాటు నీరు ఎదురొచ్చింది. శిఖరాలు రెండు మీటర్లు, అక్కడక్కడా రెండున్నర. గూడబాతు వాటి పైనుంచి పోవచ్చు. తగలవచ్చు కూడా.

"మేడం," అన్నాడు మస్తాన్ వలీ. "ఎగిరితే మూడు నిమిషాలు. దిగి నడిపితే అరగంట. అర నిమిషంలో చెప్పాలి."

పోలయ్య ముందుకు వంగి నీళ్లవంక చూస్తున్నాడు. మసక కన్ను మూసి, మంచి కంటితో చూస్తున్నాడు. ఏదో అనబోయి, వెనక్కి తిరిగి కాంచనను చూసి ఆగిపోయాడు. ఆయన ఏమనబోయాడో ఆమెకు తెలుసు. ఆ మాట ఈసారి ఆయన చేత చెప్పించకూడదనుకుంది.

ఆమె చేతుల కింద తువ్వాలు వెచ్చగా తడుస్తోంది. అరగంట. దానేలు కళ్లు తెరిచి ఆమెనే చూస్తున్నాడు.

"దించండి," అంది కాంచన.

గూడబాతు పొట్ట నీళ్లను తాకింది. మరుక్షణం నుంచి అది పడవ. శిఖరాలు ఒకదాని తర్వాత ఒకటి దాన్ని ఎత్తి దించాయి. పోలయ్య అడక్కుండానే మస్తాన్ వలీ పక్క సీట్లోకి పోయి కూర్చున్నాడు. "కొంచెం ఎడంకి... ఇప్పుడు తగ్గించు... ఇది పోనీ, ఎనకది పెద్దది... ఇప్పుడు తోలు," అంటూ ఒక్కో కెరటాన్నీ చెబుతూ వచ్చాడు. కాంచన తల ఎత్తలేదు. దానేలుతో మాట్లాడుతూ ఉంది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏం చేపలు పడ్డాయి. అతను జవాబు చెప్పడం ఆలస్యమైనప్పుడల్లా మళ్లీ అడిగింది. ఆ అరగంట ఎంత పొడుగో ఆమెకు ఒక్కో కెరటం చొప్పున తెలిసింది.

జెట్టీ మీద అంబులెన్సు సిద్ధంగా ఉంది. దానేలును ఎక్కించేటప్పుడు అతను, "పడ్డవన్నీ వంజరాలే అక్కా, పెద్దవి," అన్నాడు. చివరి ప్రశ్నకు జవాబది.

వసంతలక్ష్మి గడియారం జేబులో వేసుకుంది.

"గంటన్నర అన్నారు. దాదాపు రెండు గంటలయింది. ఆఖరి మూడు నిమిషాల దారికి అరగంట ఎందుకు పట్టింది?"

"రెక్కకి కెరటం తగిలేలా ఉందండి. దిగి నడిపాం."

"ఏడాదిలో ఎన్ని రోజులు ఇలా నడపాల్సి వస్తుంది?"

"నూట ఇరవై రోజులదాకా ఉండొచ్చు. ఆ రోజుల్లో ఇది కొంత దారి ఎగురుతుంది, కొంత దారి పడవ." కాంచన చేతులకు రక్తం ఆరిపోయి ఉంది. "అబద్ధం చెప్పలేనండి. సముద్రం మీద ఇది అన్నివేళలా ఎగరలేదు."

వసంతలక్ష్మి నదీముఖంవైపు, అక్కడ ఇంకా లేచిపడుతున్న తెల్లటి శిఖరాలవైపు కాసేపు చూసింది.

"ఎప్పుడూ ఎగురుతుందని చెప్పుంటే నేను సంతకం పెట్టేదాన్ని కాదమ్మాయ్," అంది.

*

మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. దానేలు బతుకుతాడు. కాలు కూడా దక్కుతుందంటున్నారు. మస్తాన్ వలీ ఫోన్ పెట్టేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా, మంచినీళ్ల గొట్టం తీసుకుని ఇంజన్లకు అంటిన ఉప్పు కడగడానికి పోయాడు. కడుగుతూ ఈల వేశాడు. అతను ఈల వేస్తాడని రెండేళ్లలో ఎవరికీ తెలీదు.

కాంచన, పోలయ్య జెట్టీ అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు.

"మూడు నిమిసాల్లో ఎలిపోదుం," అన్నాడు పోలయ్య. "ఎందుకు దించమన్నావు?"

"నలుగురం ఉన్నాం మావయ్యా."

ఆయన తలాడించాడు. తుండుగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీ నాయనే సెప్పినాడు," అన్నాడు ఆయన. "ఆ రోజు. నాను జోరుగా తోలుతుంటే నా సెయ్యి పట్టుకున్నాడు. 'మెల్లగా పోనీరా పోలీ, కుర్రోళ్లున్నారు' అన్నాడు. అప్పుడే నాను తగ్గించినాను."

కాంచన ఆయనవైపు తిరిగింది. "ఇన్నేళ్లూ ఈ మాటైనా చెప్పొచ్చుగా."

"ఏటని సెప్పను? సచ్చిపోయినోడే సెప్పినాడంటే ఎవులు నమ్ముతారు? నన్ను నాను కాసుకోడానికి అన్నట్టుంతాది. అందుకే నోరు మూసుకున్నాను." ఆగి, "నువ్వు ఇయ్యాల దించమన్నావు గాబట్టి సెప్తన్నాను. లేపోతే సెప్పకపోదును," అన్నాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. మీట నొక్కీ నొక్కీ బొటనవేలు మీద కాయ కాసి ఉంది. ఆమె దాన్ని వేలితో తడిమి చూసింది. తర్వాత అడిగింది.

"ఇంకేమన్నాడు నాన్న? ఆ రెండున్నర గంటలూ ఊరికే లేడు కదా."

"ఊరుకోడమా, మీ నాయనా?" పోలయ్య మొహంలోకి నవ్వొచ్చింది. "టీ గురించి తిట్టినాడు. అంత నొప్పిలోనూ అదే గోల. 'ఇది టీయా, వల కడిగిన నీళ్లా' అని. ఒడ్డు అందబోయేదాకా తిడతానే ఉన్నాడు."

కాంచన పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

"ఎవరు పెట్టారు ఆ టీ?"

"నానే," అన్నాడు పోలయ్య.